బాయి పాటలో తలరాతే... బాధ్యుల మాటేదీ?

నాట్లు మొదలైతే చాలు, గోదావరిఖని చుట్టుపక్కల పల్లెల్లో పొలాల నుంచి పాట వినిపిస్తుంది. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. పైరు పాటలు, పెళ్లి పాటలతోపాటు ఇక్కడ ఇంకో రకం పాట కూడా ఉంది. అదే బొగ్గుబాయి పాట.

ఈ ప్రాంతంలో గనిని గని అనరు, బాయి అంటారు. ‘మా ఇంటాయన బాయి పనికి పోయిండు’ అంటే భూమి లోపల బొగ్గు తీయడానికి పోయాడని అర్థం.

ఒక పొలం దగ్గర ఈ విలేకరి విన్న పాటలో కథ ఇలా ఉంది. రాత్రి షిఫ్టుకు పోయిన భర్త కోసం భార్య తెల్లవారుజామున బాయి దగ్గర నిలబడుతుంది. పైకి వచ్చే టోపీ లైట్లను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. ఒక దీపం తక్కువ వస్తుంది. భూతల్లికి ఆకలేసింది, నా నుదుట అలా రాసి ఉంది అని ఆమె ఏడవడంతో పాట ముగుస్తుంది.

పాట ఎత్తుకున్న అవ్వకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఆమె భర్త తట్టా చెమ్మాస్ పని చేశాడు. బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో నింపే పని అది.

‘అవ్వా, ఇది ఏ బాయి పాట?’ అని అడిగితే, ‘ఏ బాయి అని లేదు బిడ్డా. అన్ని బాయిలకూ ఇదే పాట’ అంది.

‘భూతల్లి మింగిందన్నావు. అసలు మనిషి ఎట్ల పోయిండు?’

‘ఎట్ల పోతరు? కప్పు కూలుతది. లేకుంటే నీళ్లు వడ్తయి. పాటల గవన్నీ ఎక్కడ పెడ్తం?’

జాగ్రత్త కూలివాడికేనా?

అవ్వకు మరో పాట కూడా వచ్చు. బాయిలో దిగగానే పైకప్పును కర్రతో తట్టి చూడు, డొల్ల చప్పుడు వస్తే అక్కడ నిలబడకు అని అందులో భార్య భర్తకు చెబుతుంది. ఇది వట్టి పాట కాదు, నిజమైన పనితనం. గట్టి కప్పు తడితే ఖంగుమంటుంది. పొర విడిచిన కప్పు డొల్లగా పలుకుతుంది. అనుభవం ఉన్న కార్మికుడు చెవితోనే ప్రమాదం పసిగడతాడు.

అయితే ఒక్క సంగతి గమనించాలి. మొదటి పాటలో తప్పు భూతల్లిది. రెండో పాటలో జాగ్రత్త కూలివాడిది. రెండింటిలోనూ బాయి నడిపే యజమాని కనిపించడు. ఏటా రక్షణ పక్షోత్సవాల్లో కట్టే నినాదాలు కూడా ఎక్కువగా కార్మికుడికే జాగ్రత్త చెబుతాయి.

కర్రతో తట్టి కప్పు సంగతి తెలుసుకోవచ్చు. కానీ గోడ అవతల నిలిచిన నీళ్ల సంగతి కార్మికుడికి ఎలా తెలుస్తుంది?

నాలుగు చోట్లా నీళ్లే

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. ఆ దుఃఖం తీరకముందే, నాలుగు నెలలకు అక్టోబరు 16న 8ఏ గనిలో కప్పు కూలి మరో 10 మంది పోయారు.

నీళ్లు పడటం అప్పటికి కొత్త కాదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలో 375 మంది జలసమాధి అయ్యారు. పైన పాత పనిస్థలాల్లో నిలిచిన నీరు లోపలికి దూకింది. అదే ధన్‌బాద్ ప్రాంతంలో 1995లో గజ్లీటాండ్ గనిలో 64 మంది, 2001లో బాగ్‌డిగీ గనిలో 29 మంది నీళ్లకే బలయ్యారు.

ఇలాంటి ప్రమాదాల కోసమే 1957 బొగ్గు గనుల నిబంధనలు ఒక హద్దు గీశాయి. వదిలేసిన పాత పనిస్థలానికి 60 మీటర్ల దగ్గరికి వస్తే, అనుమతి లేనిదే ముందుకు తవ్వకూడదు. అనుమతి ఇచ్చాక కూడా ముందుగా బోరు వేసి, అవతల నీళ్లున్నాయో లేదో చూసుకుంటూ పోవాలి.

ఇందులో తట్ట మోసేవాడు చేయగలిగింది ఏముంది? పాత గనుల మ్యాపు ఆఫీసులో ఉంటుంది. కొలత సర్వేయరు తీస్తాడు. బోరు మిషను, డబ్బు, అనుమతి కాగితం యాజమాన్యం చేతిలో ఉంటాయి. అందుకే 1952 గనుల చట్టం యజమాని, ఏజెంటు, మేనేజరులను బాధ్యులుగా చూపింది.

కానీ శిక్ష? నిబంధన మీరినందువల్ల ప్రాణం పోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని ఆ చట్టంలో ఉండేది. 2003లోనూ అంతే. ఆ డబ్బుకు జత ఎడ్లు కూడా రావు. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కోడ్‌లో ఈ జరిమానా 5 లక్షలకు తగ్గకూడదన్నారు. అందులో సగానికి తగ్గకుండా మృతుల వారసులకు ఇప్పించే అధికారం కోర్టుకు ఇచ్చారు.

అమెరికాలోనూ ఇదే ఏడుపు

యజమాని ఏడీ అనే ప్రశ్న మన దగ్గరే కాదు, అమెరికా బొగ్గు గనుల్లోనూ పుట్టింది. అక్కడ అది పాటలోకి ఎక్కింది.

వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ గనిలో 1968 నవంబరు 20న పేలుడు జరిగి 78 మంది చనిపోయారు. 19 మంది శవాలు నేటికీ దొరకలేదు. అదే రాష్ట్రంలో పుట్టిన హేజెల్ డికెన్స్ అనే గాయని ఆ ప్రమాదం మీద పాట కట్టింది. ఆమెది గనులను నమ్ముకున్న కుటుంబం. ఆమె అన్నదమ్ముల్లో ఒకరు బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై చనిపోతే, ఆ జబ్బు మీదా పాట రాసింది. ఆమె తలరాతను తిట్టి ఊరుకోలేదు. కంపెనీని నిలదీసింది. ఫార్మింగ్టన్ తర్వాత ఏడాదికే, 1969లో, అమెరికా కట్టుదిట్టమైన గనుల రక్షణ చట్టం చేసింది.

చట్టం వచ్చినంత మాత్రాన అన్నీ ఆగలేదు. 2010 ఏప్రిల్ 5న అదే రాష్ట్రంలో అప్పర్ బిగ్ బ్రాంచ్ గని పేలి 29 మంది పోయారు. కంపెనీ రెండు రకాల పుస్తకాలు రాసిందని ప్రభుత్వ విచారణలో తేలింది. లోపాలు ఒక పుస్తకంలో ఉండేవి. అధికారులు చూసే పుస్తకంలో వాటిలో కొన్ని ఉండేవి కావు. రక్షణ నిబంధనలు మీరడానికి కుట్ర చేశాడని కంపెనీ అధిపతిని 2015లో కోర్టు దోషిగా తేల్చింది. పెద్ద అభియోగాలు నిలబడలేదు. అయినా 2016లో ఏడాది జైలు శిక్ష పడింది. బొగ్గు కంపెనీ పెద్ద జైలుకు పోవడం అక్కడివారికీ వింతే. స్టీవ్ ఎర్ల్ అనే గాయకుడు 2020లో విడుదల చేసిన పాటలో ఆ 29 మంది పేర్లూ ఒక్కొక్కటిగా చదువుతాడు.

ఇంటివాళ్లు అడగాల్సినవి

పాట వల్ల కప్పు కూలడం ఆగదు. కానీ ఎవరిని అడగాలో పాట చెప్పగలదు. నేడు బాయి పనులకు కాంట్రాక్టర్ల కింద కూడా పల్లెల నుంచి కుర్రాళ్లు పోతున్నారు. పనికి దించేముందు శిక్షణ ఇచ్చారా? పక్కన పాత బాయి ఉంటే నీళ్లు తోడారా? తనిఖీ పుస్తకంలో రాసిన లోపం సరిచేశారా? కొడుకును పంపే ప్రతి ఇల్లూ ఈ మూడు ప్రశ్నలు అడగవచ్చు.

ఈ ముచ్చట్లన్నీ అవ్వకు చెబితే కాసేపు నాట్లు ఆపి విన్నది.

‘అయితే పాట తప్పా బిడ్డా?’ అంది.

‘తప్పు కాదవ్వా, సగమే ఉంది’ అన్నాను.

అవ్వ నవ్వింది. ‘నాకిగ కొత్తది కట్టుడు రాదు. నా మనుమరాలు చదువుకున్నది. బతుకమ్మ నాటికి అది కట్టి ఎత్తుకుంటే, నేను అందుకుంట’ అని మళ్లీ నారు పట్టుకుంది.