వాసన రాకపోతే భయం లేదా?

గ్యాస్ గీజర్ విషయంలో మనవాళ్ల ధీమా అంతా ముక్కు మీదే. పైపు దగ్గర వాసన చూస్తారు, సబ్బునురగ కూడా రాసి చూస్తారు, వాసనా బుడగా రాకపోతే హమ్మయ్య అనుకుంటారు. లీకు చూసుకోవడం మంచిదే. అయితే ఆ వాసన గ్యాస్‌ది కాదు, లీకైతే తెలియాలని కంపెనీలు కలిపే ఇథైల్ మెర్‌కాప్టాన్‌ది. మంటలో అదీ కాలిపోతుంది. గాలి చాలక మంట సరిగ్గా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. తల బరువెక్కి, వికారం పుట్టి, కాళ్లు పట్టు తప్పుతాయి. ఖాళీ కడుపు, పైత్యం చేసిందనుకుని ఇంకో చెంబు పోసుకుంటారు.

‘వంటింట్లో పూటంతా పొయ్యి వెలుగుతూనే ఉంటుంది, మాకేమైంది?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే 10 కిలోవాట్లకు పైగా వేడి కావాలి. వంటపొయ్యి బర్నరు ఒక్కొక్కటి ఇంచుమించు 2 కిలోవాట్లు. అంటే తలుపు గడియ పెట్టిన చిన్న బాత్‌రూమ్‌లో ఐదు బర్నర్లు ఒక్కసారిగా వెలిగించినట్టు. శ్రీకాకుళం, విజయనగరం అద్దె పోర్షన్లలో ఆ గదికి ఉండేది ఒక్క వెంటిలేటరు. ధనుర్మాసం చలికి దానికీ అట్టముక్క అడ్డుపెడతారు. భోగినాడు హైదరాబాద్ నుంచి దిగిన చుట్టాలంతా వరసగా తలంటుకుంటుంటే గదిలో ఆక్సిజన్ తగ్గుతూ, విషవాయువు పెరుగుతూ పోతుంది. అందరికంటే ఎక్కువ ముప్పు చివర వెళ్లినవారికే.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాం కదా అంటారు. తలుపు కింద సందు కూడా లేకుండా ఫ్యాన్ వేస్తే, అది లాగే గాలికి బదులు గాలి ఎక్కడినుంచో రావాలి. గీజర్ పొగగొట్టంలోంచే వస్తే, బయటికి పోవాల్సిన పొగ వెనక్కి మళ్లుతుంది. పొగగొట్టం ఫాల్స్ సీలింగ్‌లోకో పక్కవాళ్ల కిటికీ కిందికో కాదు, ఆరుబయట తేలాలి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో దాని అతుకులు తుప్పుపట్టాయేమో ఏటా చూడాలి. అసలు పొగగొట్టమే లేని రకమైతే బాత్‌రూమ్‌లో పెట్టనే కూడదు. వానకు తడవకుండా బయటి గోడకు బిగించి, వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెచ్చుకోవాలి. పైపు ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే.

‘గ్యాస్‌దానికి కరెంటుతో పనేమిటి?’ అన్నది ఇంకో అపోహ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి స్తంభాలు నేలకూలినప్పుడు, కరెంటు లేకున్నా నడిచే వస్తువు విలువ ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతానికి తెలిసొచ్చింది. రెండు బ్యాటరీలతో వెలిగే గీజర్‌కు ‘కరెంటు లేకున్నా నడిచేది’ అన్న మాట చెల్లుతుంది. కానీ పొగను ఫ్యాన్‌తో బయటికి నెట్టే రకం 230 వోల్టులది. దానికి ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, బాత్‌రూమ్ బయట స్విచ్చు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫ్యాన్ తిరగకపోతే మంట ఆపేసే సెన్సార్. మాటిమాటికీ ఆగిపోతోందని విసిగిపోయి, ఆ సెన్సార్ వైర్లు రెండూ కలిపి ‘డైరెక్ట్’ చేయించుకునేవారున్నారు. గీజర్ ఆగకుండా వెలుగుతుంది. పొగ మాత్రం గదిలోనే ఉంటుంది. అది రిపేరు కాదు, కాపలాదారుని పంపించేయడం.

లోపలివారు పలకకపోతే తలుపు పగలగొట్టి, గ్యాస్ కట్టేసి, ముందు వారిని బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రిలో గ్యాస్ గీజర్ మాట తప్పకుండా చెప్పాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఈ విషం పట్టిన రక్తాన్ని మామూలు రక్తంగానే చదివి 98 అని చూపించగలదు. నిజం తేల్చేది రక్తపరీక్షే. ఆక్సిజన్ పెట్టడానికి మాత్రం ఆ ఫలితం వచ్చేదాకా ఆగకూడదు.