పరగడుపున ఒక చిన్న మాత్ర
థైరాయిడ్ లోపంతో జీవించడం ఎలా?



"నాకు థైరాయిడ్ వచ్చిందండీ" అని చెబుతూ మన ఓ.పి.కి వచ్చేవారు రోజూ ఉంటారు. నిజానికి థైరాయిడ్ అనేది వచ్చేది కాదు. అది పుట్టుకతోనే అందరి మెడలోనూ ఉండే గ్రంథి. అది చేయవలసిన పని తగ్గిపోవడమే జబ్బు. దీనిని వైద్యులు హైపోథైరాయిడిజం అంటారు. వాడుకలో థైరాయిడ్ లోపం అనుకుందాం. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో హైదరాబాదుతో సహా మన దేశంలోని 8 నగరాలలో ఐదువేల మందికి పైగా పెద్దలను పరీక్షించగా, దాదాపు 11 శాతం మందిలో ఈ లోపం ఉన్నట్లు తేలింది. వారిలో కొందరికి అంతకుముందు ఆ సంగతే తెలియదు. కనుక ప్రతి సంఘంలోనూ ఈ లోపం ఉన్నవారు కొందరైనా ఉంటారని అనుకోవచ్చు.

ఈ గ్రంథి ఏమి చేస్తుంది?

మెడ ముందు భాగంలో, కంఠముడికి కొంచెం కింద, రెక్కలు చాచిన సీతాకోకచిలుక ఆకారంలో ఈ గ్రంథి ఉంటుంది. మనం తినే ఆహారంలోని అయోడిన్‌ను తీసుకొని టి4, టి3 అనే హార్మోన్లను తయారుచేస్తుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, ఒంట్లో వేడి ఎంత ఉండాలి, పేగులు ఎలా కదలాలి, తిన్నది ఎంత త్వరగా శక్తిగా మారాలి అనేవి చాలావరకు ఈ హార్మోన్ల మీద ఆధారపడి ఉంటాయి. అవి తగ్గితే శరీరమంతా నెమ్మదిస్తుంది.

మన ప్రాంతాలలో పెద్దవారికి ఈ లోపం రావడానికి ముఖ్య కారణం, శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరపాటున ఈ గ్రంథి మీద దాడి చేయడం. దీనిని 1912లో జపాను వైద్యుడు హకారు హషిమొటో వర్ణించారు కనుక ఆయన పేరుతోనే పిలుస్తారు. మగవారికంటే ఆడవారిలో ఇది చాలా ఎక్కువ. కుటుంబాలలో కూడా నడుస్తుంది. థైరాయిడ్ ఆపరేషన్ అయినవారికి, రేడియో అయోడిన్ చికిత్స తీసుకున్నవారికి, లిథియం వంటి కొన్ని మందులు వాడేవారికి కూడా రావచ్చు.

ఒకప్పుడు అయోడిన్ కొరత పెద్ద కారణంగా ఉండేది. శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు, వారి సహచరులు 1956లో హిమాలయాల దిగువన ఉన్న కాంగ్రా లోయలో పరిశోధన ప్రారంభించి, ఉప్పులో అయోడిన్ కలిపితే గొంతువాపు జబ్బు తగ్గుతుందని నిరూపించారు. ఈనాడు మనం వాడే అయోడిన్ ఉప్పు వెనుక మన తెలుగువారి శ్రమ ఉంది. అయితే హషిమొటో జబ్బుతో గ్రంథి దెబ్బతిన్నవారికి ఉప్పు ఎక్కువ తినడం వలన మేలు లేదు. రక్తపోటు పెరగడం తప్ప ఫలితం ఉండదు.

బద్ధకం కాదు, జబ్బు

ఈ లోపం ఒక్కరోజులో బయటపడదు. నెలల తరబడి మెల్లగా వస్తుంది. ఎంత నిద్రపోయినా తీరని నీరసం, అందరికీ ఉక్కపోస్తుంటే తనకు మాత్రం చలివేయడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, ముఖం ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, మతిమరుపు, దిగులు, బరువు పెరగడం, నెలసరిలో రక్తస్రావం ఎక్కువ కావడం, గర్భం నిలవకపోవడం దీని లక్షణాలు. అన్నీ అందరిలో ఉండవు.

ఇక్కడే ఇంట్లోవారికి ఒక మాట చెప్పాలి. పొద్దున్నే లేవలేని కోడలిని "బద్ధకం" అంటారు. పాటల అభ్యాసానికి రాలేకపోయిన తల్లిని "ఆసక్తి తగ్గింది" అంటారు. చదువులో వెనుకబడిన అమ్మాయిని "మనసు పెట్టడం లేదు" అంటారు. ఆ మాటలు విని విని వారు కూడా అది నిజమేనని నమ్మి, ఆసుపత్రికి రావడమే మానుకుంటారు. నీరసానికి రక్తహీనత, షుగరు వంటి వేరే కారణాలు కూడా ఉంటాయి. ఏదైనా సరే, నింద వేయడానికి ముందు ఒక రక్తపరీక్ష చేయించండి.

పరీక్ష చీటీని ఎలా చదవాలి?

ముఖ్యమైన పరీక్ష టీఎస్‌హెచ్. "టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉంది కదా, మరి థైరాయిడ్ తక్కువ అంటారేమిటి?" అని చాలామంది అడుగుతారు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలో పుట్టేది కాదు. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి "పని చెయ్యి" అని థైరాయిడ్‌కు పంపే ఆజ్ఞ అది. కూలీలు పని తగ్గిస్తే మేస్త్రి కేకలు పెరుగుతాయి కదా, అలాగే థైరాయిడ్ పని తగ్గినకొద్దీ టీఎస్‌హెచ్ పెరుగుతుంది. చాలా లాబొరేటరీలలో పెద్దవారికి సుమారు 0.4 నుండి 4 వరకు మామూలుగా లెక్కిస్తారు. కొద్దిగా పెరిగినంత మాత్రాన అందరికీ మందు అవసరం ఉండదు. రెండు మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షించి నిర్ణయిస్తారు. 10 దాటినప్పుడు సాధారణంగా మందు మొదలుపెడతారు. గర్భిణుల లెక్క వేరు.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి ముందుగా చెప్పాలి. అవి కొన్ని థైరాయిడ్ పరీక్షల ఫలితాలను తారుమారు చేస్తాయి. కనీసం రెండు రోజుల ముందు ఆపమని చెబుతారు.

ఈ మాత్ర ఎలా వచ్చింది?

పూర్వం ఈ జబ్బు ముదిరినవారికి వైద్యం లేదు. 1891లో ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే యువ వైద్యుడు గొర్రె థైరాయిడ్ గ్రంథి నుండి తీసిన రసాన్ని 46 ఏళ్ల స్త్రీకి సూది ద్వారా ఇచ్చారు. ఆమె కోలుకున్నారు. తరువాత అదే మందును నోటి ద్వారా తీసుకుంటూ 74 ఏళ్ల వరకు జీవించి 1919లో కన్నుమూశారు. 1914లో సరిగ్గా క్రిస్మస్ రోజున అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ అనే శాస్త్రవేత్త థైరాక్సిన్ హార్మోన్‌ను శుద్ధమైన స్ఫటికాలుగా వేరుచేశారు. 1927లో దానిని ప్రయోగశాలలోనే తయారుచేయడం సాధ్యమైంది. ఈనాడు మనకిచ్చే లెవోథైరాక్సిన్ మాత్రలోని మందు జంతువుల గ్రంథుల నుండి తీసినది కాదు. మన గ్రంథి తయారుచేసే టి4 ఏదో, ఇదీ అదే. ఒంట్లో కొరవడినదానిని భర్తీ చేయడమే దీని పని.

మందు మొదలుపెట్టినప్పుడు

మోతాదు మనిషిని బట్టి ఉంటుంది. బరువు, వయసు, గుండె పరిస్థితి, టీఎస్‌హెచ్ ఎంత ఉంది అనేవి చూసి వైద్యులు నిర్ణయిస్తారు. వయసు మళ్లినవారికి, గుండెజబ్బు ఉన్నవారికి 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. చాలాకాలం నెమ్మదిగా నడిచిన గుండెను ఒక్కసారి పరుగెత్తించకూడదు. పక్కింటివారు 100 వేసుకుంటున్నారు, నాకు 25 మాత్రమే ఇచ్చారని బాధపడవద్దు. వారి సీసాలోని మాత్ర మీరు వేసుకోవద్దు.

మరో మాట. ఇది తలనొప్పి మాత్రలా గంటలో పనిచేయదు. రక్తంలో ఈ మందు సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది. అందువలన మోతాదు నిలకడకు రావడానికి 6 నుండి 8 వారాలు కావాలి. తిరిగి పరీక్ష అప్పుడే చేస్తారు. రెండు మూడు వారాలకు కొంత హుషారు రావచ్చు. చర్మం, జుట్టు బాగుపడటానికి నెలలు పట్టవచ్చు. "పది రోజులు వేసుకున్నాను, ఏమీ తేడా లేదు" అని మానివేయకండి.

ఎలా వేసుకోవాలి?

ఉదయం లేవగానే పరగడుపున, మంచినీళ్లతో వేసుకోండి. తరువాత అరగంట నుండి గంట వరకు కాఫీ, టీ, పాలు, టిఫిను ఏమీ వద్దు. కాఫీతో కలిపి వేసుకుంటే మందు సరిగా ఒంటపట్టదు. ఉదయం కుదరనివారు వైద్యుని అడిగి, రాత్రి భోజనమైన మూడు గంటల తరువాత వేసుకోవచ్చు. ఏ వేళ అయినా రోజూ అదే వేళ ఉండాలి.

ఐరన్ మాత్రలకు, కాల్షియం మాత్రలకు, ఈ మాత్రకు మధ్య నాలుగు గంటల ఎడం ఉంచండి. గర్భిణులకు, బాలింతలకు ఈ మూడూ కలిపి ఇచ్చే సందర్భాలు ఎక్కువ కనుక ఇది బాగా గుర్తుంచుకోవాలి. గ్యాస్ మందులు వాడేవారు కూడా వైద్యునికి చెప్పండి.

సీసాను వంటింటి కిటికీలో, పొయ్యి దగ్గర పెట్టవద్దు. వేడికి, తేమకు, వెలుతురుకు మందు పాడవుతుంది. మూత గట్టిగా బిగించి, చల్లని పొడిచోట ఉంచండి. కంపెనీ మారితే వైద్యునికి తెలియజేయండి. మళ్లీ పరీక్ష అవసరం కావచ్చు. ఒకరోజు మరచిపోతే కంగారుపడవద్దు. మరునాడు మామూలు మోతాదు వేసుకోండి. మరచినదాని కోసం మీ అంతట మీరు రెండు మాత్రలు వేసుకోవద్దు.

ఉపవాస ప్రార్థనల రోజుల్లో, శ్రమకాలంలో కూడా ఈ మాత్రను ఆపవలసిన అవసరం లేదు. దీనికి కావలసింది గుక్కెడు మంచినీళ్లే. ఆహారం అవసరం లేదు. నీరు కూడా తీసుకోని ఉపవాసమైతే ముందుగా వైద్యునితో, పాస్టరు గారితో మాట్లాడండి.

బాగుంది కదా, మానేయవచ్చా?

మేము ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. మాత్ర వలన బాగున్నారు. మాత్ర మానితే గ్రంథి తిరిగి పనిచేయడం మొదలుపెట్టదు. కొన్ని వారాల్లో పాత లక్షణాలన్నీ ఒక్కొక్కటిగా తిరిగివస్తాయి. ఎక్కువమందికి ఇది జీవితాంతం అవసరం. ప్రసవం తరువాత వచ్చే కొన్ని రకాలు మాత్రం తగ్గిపోవచ్చు. ఆ సంగతి పరీక్షల ద్వారా వైద్యులే తేల్చాలి. జీవితాంతం అనగానే భయపడవద్దు. కళ్లజోడు పెట్టుకున్నట్టే ఇదీ అనుకోండి. చాలాకాలం వైద్యం లేకుండా వదిలేస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, గుండె బలహీనపడుతుంది. వృద్ధులలో ఒళ్లు చల్లబడి, మగతగా ఉండి, పలకరించినా బదులివ్వని స్థితి కూడా రావచ్చు. అది ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

"ప్రార్థన చేయించుకున్నాను, ఇక మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టు కదా" అని కొందరు లోలోపల నలిగిపోతారు. హిజ్కియా రాజుకు స్వస్థత కలుగుతుందని దేవుని మాట వచ్చిన తరువాత కూడా, యెషయా ప్రవక్త అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. పౌలుతో కలిసి ప్రయాణించిన లూకా వైద్యుడు. ప్రార్థన, మందు ఒకదానికొకటి శత్రువులు కావు. మీరు ప్రార్థించండి. మేమూ మీకోసం ప్రార్థిస్తాము. మాత్ర మాత్రం మానవద్దు. మందు తగ్గించవచ్చునో లేదో పరీక్ష చీటీ చూసి నిర్ణయిద్దాం.

అలాగే త్వరగా నయం కావాలని మోతాదు పెంచుకోవడం కూడా ప్రమాదమే. గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి, చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే మందు ఎక్కువైందేమో చూడాలి. ఎక్కువ మోతాదు ఏళ్ల తరబడి కొనసాగితే ఎముకలు గుల్లబారతాయి. సన్నబడటం కోసం ఈ మందు వాడనే కూడదు.

తల్లీ బిడ్డల విషయం

కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు మొదటి నెలల్లో తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. కనుక ఈ లోపం ఉన్న స్త్రీ గర్భం అని తెలియగానే మాత్ర ఆపకూడదు. వెంటనే వైద్యునికి చెప్పాలి. చాలామందికి మోతాదు పెంచవలసి ఉంటుంది. "కడుపుతో ఉన్నప్పుడు మందులు మంచివి కావు" అని పెద్దవారు ప్రేమతోనే చెబుతారు. కానీ ఈ మందు విషయంలో ఆపడమే బిడ్డకు హాని. పాలిచ్చే తల్లులు కూడా నిర్భయంగా వాడవచ్చు.

మన దేశంలో పుట్టే ప్రతి వెయ్యిమంది పిల్లలలో సుమారు ఒకరికి పుట్టుకతోనే ఈ లోపం ఉంటుంది. పుట్టినప్పుడు బిడ్డ బాగానే కనిపించవచ్చు. రెండు మూడు రోజుల వయసులో మడమ నుండి తీసే నాలుగు చుక్కల రక్తంతో దీనిని కనిపెట్టవచ్చు. మొదటి రెండు వారాల లోపల మందు మొదలుపెడితే ఎక్కువమంది పిల్లలు తోటివారిలాగే ఎదిగి చదువుకుంటారు. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం తిరిగి పూడదు. మీ ఇంట ప్రసవం జరిగినప్పుడు ఈ పరీక్ష చేశారా అని తప్పక అడగండి.

తిండి, బరువు

క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకొని మామూలుగా తినవచ్చు. ప్రత్యేకమైన పత్యం లేదు. థైరాయిడ్ లోపం వలన పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. అందులో ఎక్కువ భాగం ఒంట్లో చేరిన నీరే. మిగిలిన బరువుకు నడక, మితమైన భోజనమే మార్గం. థైరాయిడ్‌ను వేళ్లతో నయం చేస్తామనే పొడులు, రసాలు కొని మాత్ర మానవద్దు.

మోతాదు కుదిరిన తరువాత ఆరు నెలలకు, తరువాత ఏడాదికి ఒకసారి పరీక్ష చాలు. పాత చీటీలన్నీ ఒక కవరులో దాచి, వచ్చేటప్పుడు తీసుకురండి. పరీక్ష రోజున రక్తం ఇచ్చిన తరువాతే మాత్ర వేసుకోవడం మంచిది.

ఈ జబ్బును కనిపెట్టడం తేలిక, మందు ధర తక్కువ, ఫలితం దాదాపు ఖాయం. కావలసిందల్లా రోగికి ఓపిక, ఇంటివారికి కనికరం. మీ ఇంట్లోగాని, మీ సంఘంలోగాని ఎవరైనా నెలల తరబడి నీరసపడి, నలుగురికీ దూరమవుతూ ఉంటే వారిని పలకరించి, ఒకసారి పరీక్షకు వెంటబెట్టుకు రండి.

దేవుడు మీ అందరికీ మంచి ఆరోగ్యము దయచేయును గాక.