ఆరెంజ్ వంశం: రిపబ్లిక్‌లో రాజకుటుంబం ఎలా ఎదిగింది?

నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ జట్టు మైదానంలోకి దిగితే గ్యాలరీలు నారింజ రంగుతో నిండిపోతాయి. ఆ దేశ జెండాలో ఉన్నవి మాత్రం ఎరుపు, తెలుపు, నీలం. నారింజ అక్కడి రాజవంశం 'ఆరెంజ్-నసావ్' రంగు. విచిత్రమేమిటంటే, ఆ పేరుకు మూలమైన ఆరెంజ్ ఊరు దక్షిణ ఫ్రాన్స్‌లో ఉంది.

పేరు ఫ్రాన్స్‌ది, పుట్టుక జర్మనీలో

1544లో ఆరెంజ్ సంస్థానాధీశుడు రెనే యుద్ధంలో చనిపోయాడు. ఆయనకు వారసులు లేకపోవడంతో సంస్థానం, నెదర్లాండ్స్‌లోని ఆస్తులు 11 ఏళ్ల బంధువు విలియంకు దక్కాయి. జర్మనీలోని డిల్లెన్‌బర్గ్‌లో పుట్టిన ఆ బాలుడే పెద్దయ్యాక స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ తరఫున హాలండ్‌కు 'స్టాడ్‌హోల్డర్', అంటే రాజప్రతినిధి అయ్యాడు. ప్రొటెస్టెంట్ల అణచివేత, పన్నుల భారంపై తిరుగుబాటు రేగినప్పుడు ఆ రాజుకే ఎదురు తిరిగాడు. 1581లో డచ్ ప్రాంతాలు ఫిలిప్‌ను తమ పాలకుడిగా తిరస్కరించాయి. మూడేళ్లకు డెల్ఫ్ట్‌లో విలియంను కాల్చి చంపారు.

రాజు కాని రాజు

కొత్తగా ఏర్పడిన డచ్ రిపబ్లిక్‌లో రాజు లేడు. అధికారం ప్రాంతీయ సభలది. అయినా స్టాడ్‌హోల్డర్ పదవి పోలేదు. సైన్యాన్ని నడిపే ఆ పదవి ప్రధానంగా ఆరెంజ్ కుటుంబం చేతుల్లోనే ఉంది. దీంతో నగరాలను ఏలే సంపన్న వర్తక కుటుంబాలకు, ఈ వంశానికి మధ్య పోటీ మొదలైంది.

1650లో రెండో విలియం మరణించాక హాలండ్ ఆ పదవిని 22 ఏళ్లు ఖాళీగా ఉంచింది. 1672లో ఫ్రాన్స్ దండెత్తడంతో జనాగ్రహం పాలకుల మీదకు మళ్లింది. రిపబ్లిక్ నేత యోహాన్ డి విట్‌ను, ఆయన అన్నను హేగ్‌లో గుంపు చంపేసింది. 21 ఏళ్ల మూడో విలియం పగ్గాలు అందుకున్నాడు. 1689లో ఆయన భార్య మేరీతో కలిసి ఇంగ్లండ్ సింహాసనం కూడా ఎక్కాడు. ఆయన మరణానంతరం పదవి చాలాచోట్ల మళ్లీ ఖాళీ అయింది. 1747లో మరో యుద్ధభయం నాలుగో విలియంను ఏడు ప్రాంతాలకూ వారసత్వ స్టాడ్‌హోల్డర్‌ను చేసింది.

కొచ్చిన్‌ను తాకిన లేఖలు

1795లో ఫ్రెంచ్ సేనలు రావడంతో ఐదో విలియం ఇంగ్లండ్ పారిపోయాడు. కోటలను బ్రిటిష్ సైన్యానికి అప్పగించాలంటూ అక్కడి క్యూ నుంచి డచ్ వలసల అధికారులకు లేఖలు పంపాడు. కొందరు లొంగారు, కొచ్చిన్ లాంటి చోట్ల ప్రతిఘటించారు. చివరకు కొచ్చిన్, సిలోన్ రెండూ బ్రిటిష్‌వారి పరమయ్యాయి. పదవి కోల్పోయిన ఒక పాలకుడి సంతకం దక్షిణాసియా రేవుల తలరాతలో భాగమైంది. 1824 ఒప్పందంతో భీమునిపట్నం సహా భారత్‌లోని డచ్ స్థావరాలన్నీ బ్రిటన్‌కు దక్కాయి.

కిరీటం, క్షమాపణ

నెపోలియన్ పతనంతో తిరిగివచ్చిన కుటుంబం 1815లో తొలిసారి డచ్ కిరీటం ధరించింది. 1830లో బెల్జియం విడిపోయింది. 1848 రాజ్యాంగం పాలనా బాధ్యతను మంత్రులకు అప్పగించింది. 1890 నుంచి 123 ఏళ్లు విల్హెల్మినా, జూలియానా, బియాట్రిక్స్ వరుసగా రాణులయ్యారు. ముగ్గురూ బతికుండగానే సింహాసనం వదులుకున్నారు. 2013 నుంచి విలెమ్-అలెగ్జాండర్ రాజు.

1675-1770 మధ్య ఈ వంశం వలసల ద్వారా నేటి విలువలో 54.5 కోట్ల యూరోలు ఆర్జించిందని 2023లో ప్రభుత్వ అధ్యయనం తేల్చింది. అదే ఏడాది జులై 1న ఆమ్‌స్టర్‌డామ్‌లో బానిసత్వంపై రాజు క్షమాపణ చెప్పారు. ఆ చరిత్రలో కోరమాండల్ తీరం కూడా ఉంది. 17వ శతాబ్దంలో పులికాట్ వంటి రేవుల నుంచి వేల మందిని బానిసలుగా బటావియాకు తరలించారు. గ్యాలరీల్లో మెరిసే నారింజ రంగు వెనుక ఈ లెక్క కూడా ఉంది.