భారము లేని ఎనిమిది దినములు

హైదరాబాదులో సెంట్ జార్జి గ్రామరు పాఠశాలలోను, నిజాం కళాశాలలోను చదువుకున్న ఒక విద్యార్థి 1984 ఏప్రిల్ 3వ తేదీన రోదసిలో ప్రవేశించిన తొలి భారతీయుడైనాడు. ఆయనే రాకేశ్ శర్మ. 1949లో పాటియాలాలో జన్మించినారు. 1970లో వైమానిక దళాధికారియై, మరుసటి సంవత్సరపు యుద్ధములో మిగ్-21 విమానమును నడిపినారు. మలిషెవ్, స్ట్రెకాలవ్ అను సోవియట్ వ్యోమగాములతో కలిసి సోయజ్ టి-11 నౌకలో సాల్యూట్-7 కేంద్రమును చేరి, ఏప్రిల్ 11న కజకిస్తాన్ నేలపై దిగినారు. మొత్తము యాత్ర 7 దినముల 21 గంటల 40 నిమిషములు.

ఆయన అక్కడ తేలియాడినది భూమ్యాకర్షణ లేనందువలన అని మన విద్యార్థులు తరచు వ్రాస్తుంటారు. ఇది పొరపాటు. ఆ కేంద్రము తిరిగిన ఎత్తు సుమారు 300 కిలోమీటర్లు. అనగా ఆదిలాబాదునుండి హైదరాబాదుకు గల దూరమంత. అంతమాత్రపు ఎత్తులో ఆకర్షణ నూటికి తొంభై పాళ్ళు నిలిచేయుంటుంది. మరి భారమెట్లు పోయినది?

అడుగున చిన్న రంధ్రము చేసిన రేకు డబ్బాలో నీరు నింపి, బడి మేడమీదినుండి విడిచి చూడండి. (క్రింద ఎవరూ లేకుండా ముందు చూచుకోవలెను!) చేత పట్టుకొని ఉన్నంతసేపు ధార కారుతుంది. డబ్బా పడుతున్నప్పుడు ధార ఆగిపోతుంది. డబ్బా, నీరు ఒకే వేగముతో పడుతున్నవి గనుక నీరు అడుగును నొక్కదు. వ్యోమకేంద్రము కూడ ఇట్టి డబ్బాయే. అది నిరంతరము భూమివైపు పడుతూనే ఉంటుంది. కాని సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగముతో ప్రక్కకు పోతున్నందున, అది పడినంతమేరకు గుండ్రని భూమి కూడ క్రిందికి వంగిపోతుంది. కరీంనగరునుండి ఆదిలాబాదుకు బస్సులో గంటలకొలది కూర్చునే మనకు, ఆ వేగముతో ఇరవై సెకనులు చాలును!

ఈ స్థితిలో రక్తము తలవైపు చేరి ముఖము ఉబ్బుతుంది. పనిలేని కండరములు నీరసిస్తవి. యోగాభ్యాసము ఇందుకు తోడ్పడునా అని శర్మగారు స్వయముగా ఆసనములు వేసి పరీక్షించినారు. నిలబడుటకు నేలయే లేనిచోట ఆసనము వేయుట ఎంత కష్టమో ఊహించండి.

తిరిగివచ్చిన పిమ్మట ఆయన సన్మానములతో కాలము గడపలేదు. 1987లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో చేరి, మొదట నాసికులోను, తరువాత బెంగుళూరులోను కొత్త విమానములను నడిపి పరీక్షించినారు. విశ్రాంతి పొందిన తరువాత నీలగిరులలోని కూనూరులో స్థిరపడినారు. ఆయన తరువాత మరియొక భారతీయ పౌరుడు, శుభాంశు శుక్లా, భూకక్ష్యలోనికి వెళ్ళుటకు 2025 జూను వరకు, అనగా 41 సంవత్సరములు పట్టినది.