ఇంట్లో బీరు, తేనె మద్యం: శాస్త్రమేమి, చట్టమేమి?

తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల నుండి అమెరికా, ఇంగ్లండు దేశాలకు వెళ్ళి స్థిరపడిన మన యువకులు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అక్కడి వ్యాపకాలను గురించి చెబుతుంటారు. వాటిలో ఒకటి పెద్దవారికి వింతగా తోస్తుంది. వంటింట్లోనో, కారు షెడ్డులోనో బీరును స్వయంగా తయారు చేసుకోవడం, తేనెను పులియబెట్టి 'మీడ్' అనే పానీయాన్ని సిద్ధం చేసుకోవడం అక్కడ తోటపని వంటి సరదా. ఆ సరదా వీడియోల రూపంలో ఇక్కడి పిల్లల చేతి ఫోన్లలోకి కూడా వచ్చేసింది. తేనె, నీళ్ళు, ఈస్టు, ఒక సీసా ఉంటే చాలునట గదా సార్ అని ఉన్నత తరగతుల విద్యార్థులు అడుగుతున్నారు. వట్టి మందలింపుతో వారి నోరు మూయించవచ్చును గాని సందేహం తీరదు. అందులోని శాస్త్రం దాచవలసినది కాదు. మన గడ్డపై అది ఏ నేరమో కూడా వారికి తెలియాలి.

పులియబెట్టడం మన ఇండ్లకు కొత్త కాదు. దోసెల పిండి రాత్రికి రాత్రి పొంగుతుంది. చద్దన్నపు నీరు తెల్లవారేసరికి పుల్లనవుతుంది. ఆడి మాసంలో అమ్మవారి గుళ్ళ దగ్గర పోసే కూళుకు రాగిపిండిని ముందునాడే నీళ్ళలో కలిపి పులియనిచ్చి, మరునాడు కాస్తారు. కోనసీమ వైపు తరవాణి కుండ అంటే ఇదే కుటుంబం. తెలుగు పాఠ్యపుస్తకాలు ఈ క్రియను కిణ్వనం అంటాయి, తమిళ పుస్తకాలు నొదిత్తల్ అంటాయి. అయితే మన వంటింటి పులుపులో ముఖ్యమైన పని చేసేది లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టించే సూక్ష్మజీవులు. మద్యాన్ని పుట్టించేది ఈస్టు. రెండూ గాలిలో, ధాన్యపు పొట్టుపై, పండ్ల తొక్కలపై ఎప్పుడూ ఉండేవే. ఏది పైచేయి సాధిస్తుందన్నది మనం కుండలో ఏమి వేశాము, ఎంత వేడిలో ఎంతసేపు ఉంచాము అన్నదానిని బట్టి ఉంటుంది.

ఈస్టు చక్కెరను తిని రెండు పదార్థాలను విడుస్తుంది: ఒకటి ఇథైల్ ఆల్కహాలు, రెండవది బొగ్గుపులుసు వాయువు. లెక్కగా చెప్పాలంటే 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల వాయువు ఏర్పడతాయి. ఈ పని ప్రాణమున్న సూక్ష్మజీవి చేస్తున్నదని 1857 నుండి లూయీ పాశ్చర్ వరుస ప్రయోగాలతో నిరూపించాడు. అంతకు వేల ఏండ్ల ముందే మానవుడు ఈ జీవిని చూడకుండానే దానిచేత పని చేయించుకున్నాడు.

బీరులో చిక్కు ఏమిటంటే ధాన్యంలో ఉన్నది చక్కెర కాదు, పిండి. ఈస్టు పిండిని తినలేదు. అందుకని బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలక తన ఎదుగుదల కోసం పిండిని చక్కెరగా మార్చే ఎంజైములను తయారు చేసుకుంటుంది. అంతలోనే దానిని ఎండబెట్టి ఆపుతారు. మన తల్లులు పసిబిడ్డల జావకోసం రాగులను మొలకగట్టి, ఎండబోసి, వేయించి విసిరేది ఇదే సూత్రం మీద. బార్లీ మొలకలను పగులగొట్టి సుమారు 65 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచితే పిండి తీపి నీరవుతుంది. దానిని వడగట్టి, హాప్స్ అనే తీగ పూలను వేసి మరిగిస్తారు. చేదు, సువాసన ఆ పూల నుండి వస్తాయి, త్వరగా పాడుకాకుండా కాపాడేది కూడా అవే. చల్లార్చి ఈస్టు కలిపితే రెండు వారాలలో బీరు. బార్లీయే కావాలన్న నియమం లేదు. సిక్కిం, నేపాల్ కొండలలో 'తోంగ్బా' అనే పానీయాన్ని రాగి జాతి చిరుధాన్యంతోనే చేస్తారు.

తేనె మద్యం ఇంకా సులువు. తేనె అంతా చక్కెరే. అయినా సీసాలోని తేనె ఏండ్ల తరబడి పులియదు, ఎందుకంటే అందులో నీరు నూటికి 17, 18 పాళ్ళకు మించదు. అంత చిక్కదనంలో ఈస్టు ఒంట్లోని నీరే బయటికి లాగబడి అది పనిచేయలేదు. మూడు పాళ్ళ నీటిని కలిపితే చాలు, నిద్ర లేస్తుంది. ఇలా తయారైన దానిలో ఆల్కహాలు 10 శాతం దాటవచ్చును, అంటే ద్రాక్షసారాయంతో సమానం. సామాన్యమైన బీరులో 4 నుండి 6 శాతమే.

ఇక్కడ భాషాభిమానులకు ఒక చిన్న ముచ్చట. ఇంగ్లీషు 'మీడ్', సంస్కృత 'మధు', గ్రీకు 'మెథు' ఒకే మూలం నుండి వచ్చిన మాటలు. 1830లలో ఫ్రెంచి రసాయనికులు డ్యూమా, పెలిగో కట్టెను బట్టీ పెట్టి తీసిన ద్రవానికి పేరు వెదుకుతూ, 'మెథు'కు కట్టె అనే అర్థం గల మరొక గ్రీకు మాటను జోడించి 'మిథిలీన్' అన్నారు; 'మిథైల్' దాని నుండి వచ్చిన మాటే. తేనె మాధుర్యమూ, కల్తీసారాలో ప్రాణాలు తీసే మిథైల్ ఆల్కహాలూ ఒకే మాటకు చుట్టాలైనది ఈ విధంగా. ఆ చుట్టరికం మాటవరకే.

కల్తీసారా వార్త వచ్చినప్పుడల్లా పులియబెట్టినది విషమవుతుందనే అపోహ వ్యాపిస్తుంది కనుక దీనిని విడమరచి చెప్పక తప్పదు. 2023 మే నెలలో విళుప్పురం, చెంగల్పట్టు జిల్లాలలో 20 మందికి పైగా, 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా మరణించారు. ఆ మరణాలకు కారణం పరిశ్రమలలో వాడే మిథనాల్. చవక, నీటివలె కనిపిస్తుంది, వాసన సారాను పోలి ఉంటుంది. దానిని నీళ్ళలో కలిపి అమ్మే దుర్మార్గానికి పులియబెట్టే ఓపికైనా అక్కరలేదు. శరీరంలో అది ఫార్మాల్డిహైడుగా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాలను దెబ్బతీస్తుంది. 10 మిల్లీలీటర్లే చూపును పోగొట్టవచ్చును, 30 మిల్లీలీటర్లు ప్రాణం తీయవచ్చును. బార్లీనీ, తేనెనూ పులియబెట్టినప్పుడు ఆ మోతాదులో మిథనాల్ పుట్టదు. మరొక భేదం కూడా గమనించాలి: పులియబెట్టడం వేరు, బట్టీ పెట్టి కాచడం వేరు. నాటుసారా వాళ్ళు బెల్లపు ఊటను, తమిళంలో ఊఱల్ అంటారే, దానిని కాచి ఆవిరిని చల్లార్చి సారా తీస్తారు. బీరు, మీడ్, కల్లు బట్టీ ఎక్కనివి. బట్టీ ఎక్కనంత మాత్రాన హాని లేనివని కాదు. మత్తు మత్తే, అలవాటు అలవాటే. అయితే ఏ హాని దేనివల్ల వస్తున్నదో తెలియకపోతే పిల్లలకు మనం చెప్పే భయాలేవీ నిలవవు.

ఈ వ్యాపకంలో ఇంటివారికి ఎదురయ్యే నిజమైన అపాయం సీసా పేలడం. 100 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే 25 లీటర్లకు పైగా వాయువు పుడుతుంది. మూత బిగించిన గాజుసీసాలో అది ఎక్కడికి పోవాలి? అందుకే అక్కడివారు వాయువును బయటికి మాత్రమే పోనిచ్చే నీటి మూతను వాడతారు. ఆల్కహాలును లెక్కించడానికి పాల సొసైటీలో లాక్టోమీటరు వంటి హైడ్రోమీటరు ఉంటుంది. మొదట 1.050 చూపినది పులిసిన తరువాత 1.010 చూపితే, ఆ తేడాను 131తో గుణిస్తే 5.24. అంటే సుమారు 5 శాతం. ఇక వేడి మాట. బీరు ఈస్టుకు 20 డిగ్రీల చల్లదనం హితం. వేసవిలో 40 దాటే తిరుత్తణిలో అది ఘాటు వాసనలు గల చేటు పానీయాన్నే ఇస్తుంది. చట్టాన్ని పక్కన పెట్టి చూసినా ఈ సరదాకు మన ఊరి వాతావరణమే మొదటి శత్రువు.

చట్టాన్ని పక్కన పెట్టడం మాత్రం కుదరదు. ఇంట్లో మద్యం చేసుకోవచ్చునా అన్న ప్రశ్న మన దేశంలో చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని గురించిన అధ్యాయం ఉంది. మద్యం తయారీ, అమ్మకం రాజు అదుపులో ఉండాలంటూనే, గృహస్థులు శుభకార్యాలలో తెల్ల సురను, ఔషధం కోసం అరిష్టాన్ని చేసుకోవచ్చునని అది మినహాయింపునిస్తుంది. పులియబెట్టేందుకు వాడే ముద్దకు అక్కడ పేరు 'కిణ్వ'. నేటి పాఠ్యపుస్తకపు కిణ్వనం ఆ మాటే.

మన ప్రాంతపు చట్టం 1937 నాటిది. రాజాజీ ప్రభుత్వం ఆ సంవత్సరం అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధాన్ని ప్రారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. తిరుత్తణి అప్పుడు చిత్తూరు జిల్లాలోనిది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పుతో అది మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. కాబట్టి నగరి, పుత్తూరు, తిరుత్తణి ఒకనాడు ఒకే నిషేధం కింద ఉన్న ఊళ్ళు. తరువాత దారులు చీలాయి. ఆంధ్రప్రదేశ్‌కు 1968లో వేరే ఎక్సైజు చట్టం వచ్చింది. అక్కడ లైసెన్సు పొందిన గీత కార్మికులు, వారి సహకార సంఘాలు కల్లు గీసి అమ్ముకోవచ్చును. తమిళనాడులో 1937 చట్టం సవరణలతో నేటికీ అమలులో ఉంది, కల్లు 1987 జనవరి 1 నుండి నిషిద్ధం. ప్రభుత్వ దుకాణాలలో బీరు, బ్రాందీ దొరుకుతాయి, తాటిచెట్టు కల్లు మాత్రం నేరం! దీనిని నిషేధమనాలో వ్యాపారమనాలో నాకు తోచదు. కల్లుపై నిషేధం ఎత్తివేయాలని ఇక్కడి రైతులు, గీత కార్మికులు అడగడంలో న్యాయం ఉన్నదనే నా అభిప్రాయం.

ఈ చట్టంలో మద్యం అంటే కల్లు, బీరు, వైను మొదలుకొని ఆల్కహాలు కలిగిన ద్రవమంతా. తయారీయే కాక దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. అమ్మకానికి కాదు, సరదాకు చేసుకున్నామన్న సమాధానానికి అందులో చోటు లేదు. కళ్ళకురిచ్చి దుర్ఘటన తరువాత 2024లో శిక్షలను మరింత కఠినం చేశారు. అక్రమ మద్యం వల్ల మరణాలు సంభవిస్తే యావజ్జీవ కారాగారం, 10 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా. ఆంధ్ర వైపైనా సరదాకు తలుపులు తెరచి ఉన్నాయనుకోరాదు. లైసెన్సు లేకుండా తయారు చేయరాదన్నదే అక్కడి నియమం కూడా.

ఇతర దేశాలలో ఈ స్వేచ్ఛ అనాదిగా ఉన్నదీ కాదు. ఇంగ్లండులో 1880 నుండి ఇంటి బీరుకు లైసెన్సు తీసుకోవలసి ఉండగా 1963లో దానిని రద్దు చేశారు. అమెరికాలో 1933లో నిషేధం తొలగినప్పుడు ఇంటి ద్రాక్షసారాయానికి అనుమతి వచ్చింది, బీరుకు రాలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో వచ్చింది. రాష్ట్రాలన్నీ అంగీకరించేసరికి 2013 అయింది. ఒక ఇంట ఇద్దరు పెద్దలుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, అనగా సుమారు 757 లీటర్లు, సొంత వాడకానికి చేసుకోవచ్చును, అమ్మరాదు. బట్టీకి ఆ మినహాయింపు వర్తించదు.

చట్టానికీ శాస్త్రానికీ మధ్య ఉన్న గీత ఎంత సన్ననిదో చూడాలంటే తాటిచెట్టు కింద నిలబడాలి. గెలకు కట్టిన కుండ లోపల సున్నం పూస్తే తీయని పదనీరు దిగుతుంది. ఆ క్షారంలో ఈస్టు పెరగదు. సున్నం పూయని కుండలో అదే చెట్టు, అదే గెల నీరు కొన్ని గంటలలోనే నురగలెత్తి కల్లవుతుంది. గీసే మనిషి ఒకడే, అతని జీవనోపాధికీ అతనిపై కేసుకూ మధ్య ఉన్నది పిడికెడు సున్నం.

పిల్లల కుతూహలానికి చట్టబద్ధమైన మార్గాలు లేకపోలేదు. చక్కెరనీటిలో ఈస్టు వేసి, సీసా మూతికి బుడగ తొడిగి గంటసేపు చూస్తే అది ఉబ్బుతుంది. ఆ వాయువును సున్నపు తేటలోకి పంపితే పాలవలె తెల్లబడుతుంది. చూపించాక పారబోస్తే సరి. తేనె పులిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఆయుర్వేద దుకాణంలో ద్రాక్షారిష్టం సీసాపై చీటీ చదివించండి. తనంతట తాను పుట్టిన ఆల్కహాలు ఇంత శాతమని అందులో ముద్రించి ఉంటుంది. అది లైసెన్సు గల మందు కనుక చట్టసమ్మతం.

విదేశాల నుండి వచ్చే బంధువులు బీరు తయారీ సామగ్రిని కానుకగా తెస్తామంటే, హైడ్రోమీటరు వరకు తెమ్మనండి. బడికి పనికివస్తుంది. అలాగే నగరి వైపు పెండ్లికి వెళ్ళినవారు ముంతెడు కల్లు తాగి రావడం ఒక ఎత్తు. అదే కల్లును డబ్బాలో పోసుకొని పొన్పాడి చెక్‌పోస్టు దాటితే, ఇవతల అది నిషిద్ధ మద్యం. ఆంధ్రలో లైసెన్సు ఉన్నవాని దగ్గరే కొన్నామన్న మాట ఇక్కడ చెల్లదు.