మీకు తెలుసా? చెట్టుకూ ప్రేమలేఖలొస్తాయి!

మెసేజ్ పంపిన మరుక్షణం నీలం టిక్కులు పడ్డాయా లేదా అని ఫోను చూసుకునే రోజులివి. పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు కోసం వీధి గుమ్మంలో కాచుకున్న రోజుల్లో ప్రేమ ఎన్ని వింతలు చేసిందో చూడండి!

★ జర్మనీలో ఆయిటిన్ ఊరి దగ్గరి అడవిలో ఒక ఓక్ చెట్టుకు సొంత పోస్టల్ అడ్రసు ఉంది! 1927 నుంచీ, తోడు కోరుకునేవాళ్లు రాసే ఉత్తరాలు 'పెళ్లికొడుకు ఓక్' అనే ఆ చెట్టు తొర్రలోకే చేరుతున్నాయి. ఎవరైనా నిచ్చెనెక్కి చదవచ్చు, నచ్చితే జవాబూ రాయచ్చు.

★ ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగోకు జూలియెట్ ద్రూయే 50 ఏళ్లలో రాసిన ఉత్తరాలు 20 వేలకు పైనే! సగటు కట్టి చూడండి, రోజుకొకటి దాటిపోతుంది.

★ కాగితం లేదు, కలం లేదు, సిరా లేదు. మరి శకుంతల ప్రేమలేఖ ఎలా రాసింది? చెప్పుకోండి చూద్దాం! కాళిదాసు నాటకంలో ఆమె తామరాకు మీద గోళ్లతో గీసింది. ఆ ఘట్టాన్నే రాజా రవివర్మ 1876లో బొమ్మగా వేశాడు.

★ రుక్మిణి కృష్ణుడికి పంపిన సందేశంలో వలపుతో పాటు తప్పించుకునే పథకం కూడా ఉంది! పెళ్లికి ముందు ఊరి వెలుపలి గౌరీ ఆలయానికి వస్తాను, అక్కడి నుంచి తీసుకుపో అని అగ్నిద్యోతనుడి చేత కబురంపింది. ఎంత ముందుచూపో!

★ లండన్‌లో ఒకే ఊళ్లో ఉంటూ కవులు రాబర్ట్ బ్రౌనింగ్, ఎలిజబెత్ బారెట్ 20 నెలల్లో రాసుకున్నవి 573 ఉత్తరాలు! ఆమె ఇంటి తలుపును కూడా, ఉత్తరాలు వేసే కంతతో సహా, అమెరికాలోని వెల్స్‌లీ కాలేజీలో దాచారు.

★ రెండో ప్రపంచ యుద్ధంలో లిప్‌స్టిక్ ముద్దులు యంత్రాలను ఆపేశాయి! అమెరికా సైనికుల ఉత్తరాలను బుల్లి ఫిల్ముగా తీసి, 37 సంచుల బరువును ఒక్క సంచిలోకి కుదించేవారు. కాగితం మీది ఆ ఎర్రరంగు అంటుకుని యంత్రాలు మొరాయించేవి.

★ కొరియాలోని ఆందోంగ్‌లో 1998లో తెరిచిన ఒక సమాధిలో, 1586లో భార్య భర్తకు రాసిన ఉత్తరం దొరికింది! కడుపులో బిడ్డతో ఉన్న ఆమె, నా కలలోకి వచ్చి మాట్లాడమని చనిపోయిన భర్తను అడిగింది. రాయడానికి చోటు చాలక, మన ఇన్‌లాండ్ కవర్ల అంచుల్లో అడ్డంగా ఇరికించినట్టు పక్కలకు తిప్పి తిప్పి రాసింది. ఉత్తరంతో పాటు తన జుట్టును జనపనారతో కలిపి అల్లిన చెప్పులూ ఉన్నాయి. నాలుగు వందల ఏళ్లకు పైగా మట్టిలో ఉండి కూడా అక్షరాలు చెరగలేదు!

★ 1758లో బ్రిటిష్ నౌకాదళం పట్టుకున్న 'గలాతే' అనే ఫ్రెంచి ఓడ నావికులకు భార్యలు, తల్లులు రాసిన ఉత్తరాలను దాదాపు 265 ఏళ్ల పాటు పట్టించుకున్నవారే లేరు! శత్రువుల చేతికి చిక్కి, లండన్ దస్తావేజుల్లో మూట కట్టి ఉన్న వాటి ముద్రలు ఒక చరిత్రకారుడు విప్పాడు.

★ జంధ్యాల 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984) సినిమాకు మూలం పొత్తూరి విజయలక్ష్మి నవల! రాసిందెవరో తెలియని ఒక్క ఉత్తరం అంత కథ నడిపింది.

★ ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఆన్ బొలీన్‌కు రాసిన 17 ప్రేమలేఖలు ఎక్కడున్నాయో తెలుసా? వాటికన్ గ్రంథాలయంలో! ఆమెను పెళ్లాడేందుకు ఆయన తెగతెంపులు చేసుకున్నది సాక్షాత్తూ పోపుతోనే మరి!