వాన లెక్క చెప్పే పెట్టె

మాది భద్రాచలం అడవుల అంచున ఒక పల్లె. ఊరికీ బడికీ మధ్య ఒక వాగు. ఎండాకాలంలో కోడిపిల్ల కూడా దాటుతుంది. ఎగువన రాత్రి వాన పడితే తెల్లవారేసరికి ఎద్దుకైనా కాలు నిలవదు.

గోదావరి సంగతి వేరు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71 అడుగులు దాటిందని అందరికీ తెలుసు. మా వాగుకు హెచ్చరిక చెప్పేదెవరు? బడి పంతుల్ని కనుక ఆ బెంగ నాకు పట్టుకున్నది.

బడి మిద్దె మీద ఒక వాతావరణ యంత్రం పెట్టించాను. అందులో వానను కొలిచే ఏర్పాటు భలే తమాషాగా వుంటుంది. గరాటు కింద తూగుటుయ్యాల లాంటి రెండు బుల్లి దోనెలు. 0.2 మిల్లీమీటర్ల వాన పడగానే ఒకటి నిండి ఒరుగుతుంది, రెండవది పైకి వస్తుంది. ఒరిగినప్పుడల్లా ఒక లెక్క. కాని రాత్రంతా కూర్చుని ఆ లెక్క చూచేదెవరు?

అందుకని అరచేతిలో ఇమిడే కంప్యూటరు ఒకటి కొన్నాను. దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. పిల్లలకు ప్రోగ్రాములు నేర్పాలని ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో తలపెట్టి 2012లో విడుదల చేశారు.

రెండింటినీ కలిపేది సీరియల్ తీగ. పొలం గట్టు మీద మనుషులు ఒకరి వెనుక ఒకరు నడిచినట్లు, అందులో సంకేతాలు ఒకదాని వెనుక ఒకటి పోతాయి. కావలసినవి మూడే తీగలు: చెప్పేది, వినేది, భూమి తీగ. ఒకదాని నోరు రెండవదాని చెవికి కలపాలి.

నేను ఆత్రపడి నేరుగా కలిపాను. యంత్రం మాట్లాడేది ఆర్.ఎస్. 232 పద్ధతిలో, అందులో విద్యుత్తు 15 ఓల్టుల దాకా వుండవచ్చు. కంప్యూటరు తీగకొన తట్టుకునేది 3.3 మాత్రమే. ఇంకేమున్నది, బోర్డు కాలిపోయింది!

"మీ పెట్టె చెప్పాలటండీ! ఇంటి చూరు కారుతుంటే వాన పడుతున్నదని నాకూ తెలుస్తుంది," అన్నది మా ఆవిడ.

రెండవ బోర్డుకు మధ్యవర్తిగా మాక్స్ 3232 అనే చిప్పు పెట్టాను. ఈసారి అక్షరాలు వచ్చాయి గాని అంతా పిచ్చిగీతలు. యంత్రం సెకనుకు 9600 సంకేతాల వేగంతో చెబుతుంటే, నేను 19200 వేగంతో వింటున్నాను! వేగం సరిచేయగానే అంకెలు ముత్యాల్లా వచ్చాయి.

ఇక కరెంటు కోత. పోయి వస్తే ఆ బోర్డుకు వేళ గుర్తుండదు. అర్ధరాత్రి వానను సాయంత్రం పద్దులో వ్రాసేది. నాణెమంత బ్యాటరీతో నడిచే గడియారపు చిప్పు తగిలించాను. బోర్డుకూ ఒక బ్యాటరీ పెట్టాను. గంటలో నూరుసార్లు దోనె ఒరిగితే, అంటే 20 మిల్లీమీటర్లు పడితే, గంట మోగేట్టు చేశాను.

పోయిన వానాకాలం ఒక రాత్రి రెండు గంటలకు అది మోగింది. లేచి ఇంటింటికీ కబురు పెట్టాను. తెల్లవారేసరికి వాగు గట్లు తెంచుకుని పారుతున్నది. పిల్లలందరూ ఇళ్ళల్లోనే వున్నారు.

అయితే గర్వపడేందుకు లేదు. మరో వారం గంట మోగలేదు, చుక్క వాన లేదు; అయినా వాగు వచ్చింది. వాన పడింది ఎగువ కొండల మీద! ఆ ఉదయం కాపాడింది ఎగువ గూడెం తాత చేసిన ఫోను. "పంతులూ, పిల్లల్ని ఆపు," అన్నాడు.

రెండవ యంత్రం తాత ఇంటి మీదే పెడదామనుకుంటున్నాను. ఫోను మాత్రం మానవద్దని చెప్పాను.